ఆకుపచ్చ వరుస

సనోబర్ విశ్వవిద్యాలయం ఆసుపత్రికీ, దాని కింద అజ్లూన్ కొండల్లో ఉన్న పదకొండు క్లినిక్‌లకీ కలిపి ఒకటే ఫోన్ నంబరు. ఇదివరకు ఆ నంబరుకి చేస్తే చాలాసేపు పాట వినిపించి, ఆ తర్వాత లైను తెగిపోయేది. సెప్టెంబరు చివరి నుంచి మాత్రం మొదటి రింగుకే "ఏం ఇబ్బంది, చెప్పండి" అని ఒక గొంతు పలుకుతోంది. అది కంప్యూటర్ విభాగం వాళ్లు తయారుచేసిన యంత్రం. జవాబిచ్చేవాడు అనే అర్థం వచ్చేలా ముజీబ్ అని పేరు పెట్టారు. ఊళ్లలో ఆడవాళ్లు అదొక మనిషే అన్నట్టు "పొద్దున ముజీబ్‌తో మాట్లాడాను" అని చెప్పుకునేవారు. ఫోన్ చేసినవాళ్లు చెప్పినదాన్ని అక్షరాల్లోకి మార్చుకుని, ముజీబ్ వాళ్లని మూడు వరుసల్లో ఒకదాంట్లో పెడుతుంది. ఎరుపు వరుసకి అప్పటికప్పుడు అంబులెన్స్ వెళుతుంది. పసుపు వరుసలో వాళ్లకి గంటలోపు నర్సు ఫోన్ చేస్తుంది. ఆకుపచ్చ వరుసలో వాళ్లకి రెండు రోజుల్లోపు ఎవరో ఒకరు చేస్తారు.

ఏది ఏ రంగో దానికి నేర్పింది ఇంతిసార్. ఆమెకి యాభై నాలుగేళ్లు. ఇరవై ఆరేళ్లు అత్యవసర విభాగం గుమ్మంలో నిలబడి, లోపలికొచ్చే మనిషి ముఖం చూసి ఎవరిని ముందు పంపాలో చెప్పిన నర్సు. మోకాళ్లు అరిగిపోయాక, కూర్చుని చేసే పని అని ఆమెని కంప్యూటర్ విభాగానికి పంపారు. అక్కడ ఏడాదిపాటు పాత ఫోన్ కాల్స్ తొమ్మిది వేలు విని, ఒక్కోదానికీ ఒక్కో రంగు వేసింది. దాన్ని బట్టే యంత్రం నేర్చుకుంది. మొదట్లో ఒకావిడ "మా ఆయన నా గుండె ఆపేసేలా ఉన్నాడు" అంటే ముజీబ్ అంబులెన్స్ పంపేసింది. వాళ్లు వెళ్లేసరికి ఆ మొగుడు గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడట. "పెళ్లి కానివాడు కదా, ముజీబ్‌కేం తెలుస్తుంది" అని ఇంతిసార్ నవ్వింది. అలాంటి మాటలన్నీ ఒక్కొక్కటే దానికి చెప్పి సరిదిద్దింది.

నవంబరు మొదటి సోమవారం పొద్దున్నుంచీ ఆమె కుదురుగా కూర్చోలేదు. గురువారం మంత్రిత్వ శాఖ వాళ్లు వస్తున్నారు. వాళ్లు సరేనంటే ముజీబ్ ఇంకో నాలుగు జిల్లాలకి వెళుతుంది. మూడో అంతస్తు గదిలో యంత్రం తయారుచేసిన కుర్రాళ్లందరూ తెరలకి అతుక్కుపోయి ఉన్నారు. రోజూ ఆకుపచ్చ వరుసలోంచి ఏవో ఇరవై కాల్స్ తీసి, రంగు సరిగ్గా పడిందో లేదో వినడం ఇంతిసార్ పని. ఒక కాల్ వినడం, లేచి కిటికీ దాకా వెళ్లడం, మళ్లీ వచ్చి ఇంకోటి వినడం. ఎందుకో ఆమెకే తెలియదు.

తొమ్మిదో కాల్ రాసూన్ నుంచి వచ్చింది. పేరు ఫిద్దా, వయసు అరవై మూడు, ఉదయం ఎనిమిదీ పదికి చేసింది. తెర మీద అక్షరాలు ఇలా ఉన్నాయి: "అల్ హందులిల్లా, దేవుడి దయవల్ల బాగానే ఉన్నాను. ఎడమ భుజం కొంచెం నొప్పి, దవడ లాగుతోంది. ఆలివ్‌లు ఏరుతున్నాం కదా, అందుకే అయ్యుంటుంది. తొందరేం లేదు, మీ వీలు చూసుకుని చేయండి." పక్కన ఆకుపచ్చ చుక్క ఉంది.

ఇంతిసార్ గొంతు వింది. రెండోసారి కళ్లు మూసుకుని వింది. 'బాగానే' అన్న తర్వాత ఆ మనిషి ఆగింది, ఊపిరి తీసుకుని 'ఉన్నాను' అంది. 'ఆలివ్‌లు' దగ్గర ఆగింది. 'అందుకే' దగ్గర మళ్లీ ఆగింది. కూర్చుని మాట్లాడుతున్న మనిషి మెట్లెక్కుతున్నట్టు మాట్లాడుతోంది.

"షాహిర్, ఇలా రా," అంది.

షాహిర్ ఆ యంత్రాన్ని కట్టినవాళ్లలో పెద్దవాడు. పెద్ద అంటే ఇరవై తొమ్మిదేళ్లు. ఇంతిసార్‌ని ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తాడు. వచ్చి తెర చదివాడు. "కండరాల నొప్పి, ఖాలా. ఈ వారంలో ఇలాంటివి రెండు వందలు వచ్చుంటాయి. ఊళ్లన్నీ చెట్ల మీదే ఉన్నాయి."

"చదవకు. విను."

విన్నాడు. అతనికేం తేడా తెలియలేదు, ఆ సంగతి ముఖంలోనే కనబడింది.

ఇంతిసార్ ఫిద్దా నంబరుకి చేసింది, ఎవరూ ఎత్తలేదు. మూడుసార్లు చేసింది. రాసూన్ క్లినిక్‌కి చేస్తే అక్కడి నర్సు సెలవులో ఉందన్నారు, ఆవిడా తోటలోనే ఉందట. సివిల్ డిఫెన్స్ అంబులెన్స్ వాళ్లకి చెప్పింది. వాళ్లు పావుగంటలో ఇంటికి వెళ్లారు, తలుపుకి తాళం ఉందని చెప్పారు. ఇంకో కబురొస్తే చెప్పమని ఫోన్ పెట్టేశారు.

"నీకు కారుంది కదా?" అంది షాహిర్‌తో.

"గురువారం చూపించేదానికి ఇవాళ పదకొండున్నరకి రిహార్సల్ ఉంది ఖాలా. డాక్టర్ బుసైనా వస్తారు."

"డాక్టర్ బుసైనా వచ్చేది మిషన్ని చూడ్డానికి, నిన్ను కాదు. తాళాలు తీసుకో."

దారి పొడుగునా ఆమె ఫోన్ చేస్తూనే ఉంది. షాహిర్ ఏదో ఒకటి మాట్లాడాలని, "వందలో తొంభై నాలుగు కాల్స్‌కి సరైన రంగు వేస్తోంది. పోయిన నెల కంటే మెరుగు," అన్నాడు.

"ఆ మిగతా ఆరుగురి పేర్లు తెలుసా నీకు?"

అతను మలుపు తిప్పాడు.

రాసూన్‌లో ఒక్క కొట్టు తెరిచి ఉంది. కొట్టాయన ఫిద్దా వాళ్ల తోట ఎటో చెప్పాడు, వాగు దాటి ఎడమ పక్కకి. కారు వెళ్లేదాకా వెళ్లి, అక్కడినుంచి రాళ్ల మీద నడిచారు. ఇంతిసార్ మోకాళ్లు పట్టేస్తున్నా ఆగలేదు. చెట్ల కింద పట్టాలు పరిచి ఉన్నాయి, నిచ్చెనల మీద ఇద్దరు కోడళ్లు కొమ్మలు దులుపుతున్నారు. కింద ఒకావిడ ఒక్కతే చెట్టుకి ఆనుకుని కూర్చుని, ఆలివ్‌ల్లోంచి ఆకులు ఏరుతోంది. నల్లటి గౌను, ముఖం మైనంలా ఉంది, పై పెదవి మీద చెమట. చల్లగాలికి మిగతావాళ్లంతా స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు.

"హజ్జా ఫిద్దా, పొద్దున ఆసుపత్రికి ఫోన్ చేశారు కదా. నేను అక్కణ్నుంచే వచ్చాను," అంది ఇంతిసార్, పెద్దావిడని మర్యాదగా హజ్జా అని పిలుస్తూ.

"అయ్యో, అంత దూరం నుంచా? రెండ్రోజుల్లో ఫోన్ చేస్తామన్నాడు కదమ్మా ముజీబ్. ఒసే హనాదీ, టీ పెట్టవే."

"టీ వద్దు. ఎలా ఉంది మీకు?"

"అల్ హందులిల్లా. బాగానే..." ఆగింది. "బాగానే ఉన్నాను."

ఇంతిసార్ ఆమె మణికట్టు పట్టుకుంది. నాడి గాబరాగా కొట్టుకుంటోంది. సంచిలోంచి ఆస్పిరిన్ తీసి, "ఇది నమలండి, నమలకుండా మింగొద్దు. మనం ఆసుపత్రికి వెళ్దాం," అంది.

"ఈ చెట్టు అయిపోనీ అమ్మాయ్. రేపు గానుగకి మా వంతు. తప్పితే మళ్లీ ఆదివారం దాకా ఇవ్వరు."

"చెట్టు మీ కోడళ్లు చూసుకుంటారు."

"వాళ్లా? సగం కొమ్మలకే వదిలేస్తారు." నిచ్చెన మీంచి పెద్ద కోడలు హనాదీ, "వింటున్నాం అత్తా," అంది.

నువ్వు చచ్చిపోతావు అని చెబితే ఇలాంటి మనిషి లేవదు, దేవుడి ఇష్టం అంటుంది. ఇరవై ఆరేళ్లలో ఇంతిసార్ అలాంటివాళ్లని చాలామందిని చూసింది. ఆమె పట్టా మీద కూలబడింది. "హజ్జా, నేను అడక్కుండా ఆఫీసు వదిలి వచ్చేశాను. మీరు లేకుండా ఒట్టి చేతులతో తిరిగి వెళ్తే నా మాట ఇక ఎవరూ వినరు. ఈ అబ్బాయి పనీ పోతుంది. మీ ఇష్టం."

ఫిద్దా షాహిర్ వైపు చూసింది. "పెళ్లయిందా?"

"లేదు హజ్జా."

"ఉద్యోగం లేకపోతే ఎవరిస్తారు నీకు పిల్లని." చెయ్యి చాపింది. "లేపండి."

కారు దాకా షాహిర్ ఆమెని ఎత్తుకునే తీసుకెళ్లాడు. మొదట సిగ్గుపడి ముఖం కప్పుకుంది, తర్వాత అదీ మానేసింది. ఇంతిసార్ వెనక సీట్లో ఆమె తల ఒళ్లో పెట్టుకుని, ఆసుపత్రికి ఫోన్ చేసి గుండె విభాగాన్ని సిద్ధంగా ఉండమంది. దారిలో సగం నుంచి ఫిద్దా మాటలు మానేసింది. ఎంత వేగంగా నడిపాడో షాహిర్‌కి తర్వాత గుర్తు లేదు.

పన్నెండున్నరకి ఆమె గుండె నాళాల్లో మూసుకుపోయినదాన్ని తెరిచారు. ఇంకో గంట ఆలస్యమైతే తెరిచినా లాభం ఉండేది కాదని డాక్టరు, వెనకాలే వచ్చిన హనాదీతో చెప్పాడు.

నడవలో బెంచీ మీద షాహిర్ కూర్చుని ఉన్నాడు. ఇంతిసార్ అటూ ఇటూ నడుస్తోంది.

"నువ్వే కదా ఖాలా దానికి నేర్పింది. తొమ్మిది వేల కాల్స్‌లో ఇలాంటివి లేవా?"

"ఎందుకు లేవు? బోలెడు. అన్నిటికీ ఎరుపే వేశాను."

"మరి?"

"నేను విని వేశాను, నాయనా."

షాహిర్ తలెత్తాడు. తర్వాత చిన్న గొంతుతో చెప్పాడు. "దానికి మేం గొంతు ఇవ్వలేదు. రాసిన మాటలే ఇచ్చాం. ఊపిరి, ఆగడం, వణుకు... అవేవీ రాతలోకి రావు. గొంతు వినేలా చేయాలంటే ఇంకో ఏడు నెలలు పడుతుందని రెండో దశలోకి నెట్టాం. ఆ కాయితం రాసింది నేనే."

"అంటే 'బాగానే ఉన్నాను' అన్నవాళ్లంతా..."

"నువ్వు కొందరికి ఎరుపు వేశావు, కొందరికి ఆకుపచ్చ వేశావు. మాటలు మాత్రం అవే. అన్నిటికంటే ఎక్కువ పడింది ఆకుపచ్చే కాబట్టి అది అదే నేర్చుకుంది."

ఇంతిసార్ నడవడం ఆపింది. ఈ కొండల్లో ఆ మాట అనకుండా జబ్బు సంగతి మొదలుపెట్టే ఆడమనిషి ఎవరు? ఆమె తల్లి కూడా అలాగే అనేది.

"ఈ ఆరు వారాల్లో ఆకుపచ్చలో ఎంతమంది పడ్డారు?"

"ఐదు వేల చిల్లర."

"నేను రోజుకి ఇరవై విన్నాను." ఆమె అప్పటికే మెట్ల వైపు నడుస్తోంది. "మిగతావన్నీ వినాలి."

అత్యవసర విభాగంలో తనతో పనిచేసిన నలుగురు నర్సులని బతిమాలి తెచ్చింది. షాహిర్ రిహార్సల్‌కి వెళ్లలేదు. ఆరుగురూ చెవులకి ఫోన్లు తగిలించుకుని సోమవారం మధ్యాహ్నం మొదలుపెట్టి బుధవారం మధ్యాహ్నానికి ముగించారు. అనుమానం వచ్చిన వెంటనే ఫోన్ చేసేవారు. మొదటి రోజు షాహిర్ ప్రతి కాల్‌కీ ఇంతిసార్ మొహం చూసేవాడు. రెండో రోజు సాయంత్రం ఒక ముసలాయన గొంతు దగ్గర అతను తనంతట తనే ఆగిపోయి, "ఖాలా, ఈయన మాట కొంచెం ముద్దగా ఉందా?" అన్నాడు. నిజమే. ఆయనకి పక్షవాతం వచ్చి వారమైంది, కొడుకులు అప్పటికే వేరే ఆసుపత్రిలో చేర్చారు.

తప్పు రంగు పడినవి మొత్తం పదిహేడు దొరికాయి. పదహారు మంది ఏదో ఒక దారిలో వైద్యం అందుకుని బతికి ఉన్నారు. పదిహేడో ఆమె అరజాన్ ఊరి తమామ్, అరవై ఎనిమిదేళ్లు. అక్టోబరు పదకొండున చేసింది. "అల్ హందులిల్లా, కొంచెం ఆయాసం, అంతే. రాత్రి పడుకుంటే ఎక్కువవుతోంది. దిండ్లు పెట్టుకుంటున్నాను." రెండు రోజుల తర్వాత గడువు ప్రకారమే ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. రెండుసార్లు ఎవరూ ఎత్తలేదని రాసి, ఆ కాల్ మూసేశారు. ఇంతిసార్ మళ్లీ చేస్తే ఒక ఆడ గొంతు ఎత్తింది. అమ్మ పదమూడో తారీఖున పోయిందని చెప్పింది.

ఆ రోజు ఇంతిసార్ విన్న ఇరవైలో అది లేదు. జాబితా తీసి చూసింది. వరుసలో దాని ముందుదీ, దాని తర్వాతదీ విన్నది. ఆ ఒక్కటే తగల్లేదు.

డాక్టర్ బుసైనా ఈ పనికంతటికీ అధిపతి. ఊపిరితిత్తుల వైద్యురాలు, విశ్వవిద్యాలయాన్నీ ఆసుపత్రినీ నాలుగేళ్లు ఒప్పించి ముజీబ్‌ని నిలబెట్టింది. కాయితాలన్నీ చదివి కళ్లజోడు తీసింది.

"అది ఎరుపులో పెట్టి అంబులెన్స్ పంపినవాళ్లు ఎంతమందో తెలుసా ఇంతిసార్? ఎనభై మూడు మంది. అంతకుముందు పాట వింటూ వింటూ ఎంతమంది పోయారో ఎవరైనా రాసిపెట్టారా? దీన్ని ఆపితే మళ్లీ ఫోన్ ఎత్తేవాళ్లే ఉండరు."

"ఆపమని నేననలేదు డాక్టర్. ఆకుపచ్చ వేసే అధికారం దానికి తీసేయండి. వాటిని మనిషి వినాలి."

"రోజుకి నూటయాభై. ఇద్దరు నర్సులు కావాలి. గురువారం నేను వాళ్లకి చెప్పబోయేదే నర్సులు అక్కర్లేదని."

"ఇప్పుడు ఏం చెబుతారు?"

బుసైనా కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "నువ్వు నా ప్రాణం తీస్తున్నావు," అంది చివరికి. అందులో ఉత్తి మాట ఎంతో, కోపమెంతో, ఇంతిసార్‌కి గొంతులోనే తెలిసింది.

గురువారం డాక్టర్ బుసైనా మంత్రిత్వ శాఖ వాళ్ల ముందు తమామ్ కాల్ వినిపించింది. తర్వాత ఫిద్దాది వినిపించింది. ఎక్కడ తప్పిందో దాచకుండా చెప్పింది. నాలుగు జిల్లాల సంగతి అక్కడే ఆగిపోయింది. అయితే అదే రోజు న్యాయ విభాగం నుంచి అందరికీ ఉత్తరం వచ్చింది. మరణానికీ ఫోన్ కాల్‌కీ సంబంధం ఉందని రుజువు కాలేదు కాబట్టి ఆ కుటుంబాన్ని ఎవరూ కలవకూడదు.

శుక్రవారం నమాజు తర్వాత ఇంతిసార్ అరజాన్ వెళ్లింది. బస్సు దిగేసరికి షాహిర్ కారు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నిన్ను రమ్మనలేదే."

"నన్ను రావద్దనీ అనలేదుగా."

తమామ్ కూతురు నవాల్ ఊరి బడిలో టీచరు. నలభై ఏళ్లుంటాయి. పరామర్శకి వచ్చిన వాళ్లనుకుని లోపల కూర్చోబెట్టి, చేదు కాఫీ పోసి ఇచ్చింది. ఇంతిసార్ కప్పు తాగకుండా కింద పెట్టింది. షాహిర్ కూడా పెట్టేశాడు. ఏదైనా కోరి వచ్చిన అతిథి అది తీరేదాకా కాఫీ ముట్టకపోవడం అక్కడి ఆచారం. నవాల్ ఆ రెండు కప్పులనీ చూసింది.

"ఏదో అడగడానికి వచ్చినట్టున్నారు."

"అడగడానికి కాదమ్మా. చెప్పడానికి."

ఇంతిసార్ మొదటినుంచీ చెప్పింది. యంత్రం ఎలా వింటుందో, దేన్ని వినదో, మీ అమ్మని ఏ వరుసలో పెట్టిందో, ఎందుకు పెట్టిందో. పడుకుంటే ఆయాసం, దిండ్లు అన్న మాటలకి పసుపైనా పడాల్సిందని చెప్పింది. నవాల్ చేతిలో కాఫీ కెటిల్ అలాగే ఉంది.

"నేను బళ్లో ఉన్నాను," అంది చివరికి. "ఇంటికొచ్చేసరికి అమ్మ ఆ కుర్చీలో కూర్చుని ఉంది. ఆసుపత్రికి వెళ్దామమ్మా అన్నాను. ముజీబ్ రెండ్రోజుల్లో చేస్తానన్నాడు, అంత తొందరైతే వాడే చెప్పేవాడు కదా అంది. నేను కూడా నిజమే కదా అనుకున్నాను." కెటిల్ కింద పెట్టింది. "మూడు వారాలుగా ఆ మాట నన్ను తినేస్తోంది. తీసుకెళ్లాల్సింది నేనని."

"తప్పు మీది కాదు," అన్నాడు షాహిర్. "నాది. గొంతు తర్వాత చూద్దామని రాసింది నేనే."

నవాల్ అతని వైపు తిరిగింది. "మీరు ఇది చెప్పుకుంటే మీ మనసు తేలికపడుతుందని వచ్చారా?"

ఇంతిసార్ చెప్పింది. "కొంత అందుకే. అబద్ధమెందుకు చెప్పాలి. కొంత నీకు తెలియాలని."

"నాకు తెలిస్తే చాలదు." ఆమె లోపలికి వెళ్లి బడి నోటుబుక్కు, పెన్నూ తెచ్చి ఇంతిసార్ ముందు పెట్టింది. "ఇప్పుడు చెప్పిందంతా ఇందులో రాయండి. పేరు, ఉద్యోగం, తారీఖు వేసి సంతకం పెట్టండి. పై అధికారులకి పంపుతాను. రేపు మేం అలా అనలేదంటే నేనేం చేయాలి?"

న్యాయ విభాగం ఉత్తరం ఇంతిసార్ సంచిలోనే ఉంది. వచ్చే జనవరిలో ఆమె ఒప్పందం పొడిగించాల్సి ఉంది. ఆమె పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టింది. మూడు పేజీలు పట్టింది. ఆమె ముగించాక షాహిర్ నోటుబుక్కు తన వైపు లాక్కుని, యంత్రం సంగతులు ఇంకో రెండు పేజీలు రాశాడు. నవాల్ నిలబడి ప్రతి వాక్యం చదివింది. ఒకచోట అక్షర దోషం దిద్దింది.

వాళ్లు లేచేటప్పుడు చల్లారిన కప్పులు ఆమె తీసేసింది. మళ్లీ పోయలేదు. గుమ్మం దాకా మాత్రం వచ్చింది.

విచారణ ఏప్రిల్ దాకా సాగింది. ఆసుపత్రి తప్పు ఒప్పుకుని ఆ కుటుంబానికి లిఖితంగా రాసిచ్చింది. ఆకుపచ్చ వరుసలో ఇద్దరు నర్సులు ప్రతి కాల్ వినాలని నిబంధన వచ్చింది. షాహిర్‌ని ముజీబ్ పని నుంచి తప్పించి, మళ్లీ మార్చిలో, గొంతు వినడం నేర్పేవాళ్లు ఇంకెవరూ లేక, వెనక్కి పిలిచారు. ఇంతిసార్ ఒప్పందం పొడిగించలేదు. డాక్టర్ బుసైనా రెండుసార్లు గొడవపడింది, పని జరగలేదు. మూడోసారి నర్సులకి వినడం నేర్పే పని అని కొత్త పేరు పెట్టి తీసుకుంది. జీతం ఇదివరకటి కంటే తక్కువ.

ఇంతిసార్ ఒప్పుకుంది. మొదటి రోజు క్లాసుకి పదకొండు మంది వచ్చారు. వెనక బెంచీలో, బడి సెలవు పెట్టుకుని, నోటుబుక్కుతో నవాల్ కూర్చుని ఉంది. నర్సు కాదు కదా అని ఎవరో గుసగుసలాడారు. ఇంతిసార్ ఇంకో జత చెవిఫోన్లు తెప్పించింది.